సింద్యా... సింద్యా... మల్కాపురం...

మొన్న విశాఖలోని సింధియా జంక్షన్లో బస్సు దిగేసరికి రోడ్డు పక్క వెల్డింగు కొట్టు ముందు ఓ కుర్రాడు ఇనప గేటుకి ఎర్రరంగు వేస్తున్నాడు. కంపెనీ డబ్బా కాదది. పొడి తెచ్చుకుని, పాత గిన్నెలో అవిసెనూనె పోసుకుని పుల్లతో కలుపుకుంటున్నాడు. ఆ నూనె వాసన ముక్కుకి తగిలి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా వయసువాళ్లకి షిప్‌యార్డు వాసనంటే ఇదే: ఉప్పుగాలి, కాలిన ఇనుము, అవిసెనూనె.

అప్పట్లో సిటీ బస్సు కండక్టర్లు ఒక చేత్తో తలుపు కమ్మీ పట్టుకుని, సగం ఒళ్లు బయటికి వేలాడదీసి, "సింద్యా... సింద్యా... మల్కాపురం..." అని ఒకే రాగంలో అరిచేవారు. "ధి" ఎవరూ పలికేవారు కాదు. బయటి ఊరినుంచి కొత్తగా ఉద్యోగానికొచ్చినవాళ్లు బోర్డు మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని "స్కిండియా ఒకటి" అని టిక్కెట్టు అడిగితే బస్సంతా నవ్వేది. సింధియా అంటే ఎవరని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మల్కాపురం ఎలాగో సింధియా అలాగే, అదో ఊరిపేరు. అది ఒక మనిషి ఇంటిపేరని మాకే చాలా ఏళ్లదాకా తట్టలేదు.

* * *

ముందు ఆ రంగు సంగతి చెప్పాలి. మేం పనిచేసిన ఓడల యార్డులో దాన్ని రెడ్ లెడ్ అనేవారు. అచ్చంగా సింధూరమే, ఆంజనేయస్వామికి పూసే రకం. "సింద్యా సింధూరం" అని పెయింటర్ల వేళాకోళం. సీసపు పొడి కాబట్టి చిన్న డబ్బా ఎత్తినా మణికట్టు లాగేసేది. లీటరు నూనెకి దాదాపు మూడు కిలోల పొడి పట్టేది. ఏ రోజుకి కావలసింది ఆ రోజే కలపాలి. రాత్రికి వదిలేస్తే పొడంతా అడుగున గడ్డకట్టి, తెల్లారి ఎంత తిప్పినా పైన ఒట్టి నూనే తేలుతుంది. ఆ నూనె పూస్తే రంగుంటుంది, తుప్పు నుంచి కాపు ఉండదు.

ఫ్యాక్టరీలోంచి వచ్చిన ఉక్కు రేకు మీద నల్లగా, నున్నగా, గాజుపెంకులాంటి పొర ఒకటి ఉంటుంది. చూడ్డానికి శుభ్రంగా ఉందని దానిమీదే రంగు కొడితే, ఏడాది తిరక్కుండా ఆ పెంకు లేచి రంగుని కూడా పట్టుకుపోతుంది. అందుకని రేకుల్ని నెలలకొద్దీ ఎండా వానా పడేలా బయట పేర్చి ఉంచేవారు. తుప్పు కిందికి దూరి పెంకుని లేపుతుంది. అప్పుడు చిప్పింగు సుత్తులతో కొట్టి, వైరు బ్రష్షు వేసి, మంచినీళ్లతో కడిగి, ఆరాక రంగు. కడగడం దగ్గరే బద్ధకించేవారు. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు రేకు మీద కంటికి కనపడదు. దాని మీద రంగేస్తే లోపలినుంచి పొక్కులు పొక్కులుగా లేస్తుంది. మా మేస్త్రి వేలు తడిచేసుకుని రేకుమీద రాసి నాలిక్కి తగిలించుకుని, "ఉప్పగుంది, మళ్లీ కడగండి" అనేవాడు. సీసం మీద పనిచేసేవాడు అలా నాకకూడదని ఇప్పుడు పసిపిల్లాడైనా చెబుతాడు. అప్పుడు చెప్పినవాడు లేడు.

* * *

ఇక ఆ పేరు. కథ మన ఒడ్డున మొదలవలేదు. మహారాష్ట్రలో సతారా జిల్లా కన్హేర్‌ఖేడ్‌ది షిందే కుటుంబం. అందులోని రాణోజీ పీష్వా బాజీరావు కొలువులో పైకొచ్చాడు. మరాఠా సైన్యాలతోపాటు వీళ్లూ మాళవానికి వెళ్లి, ఉజ్జయినిలో పాదుకుని, తర్వాత గ్వాలియర్‌లో స్థిరపడ్డారు. ఉత్తరాది నోళ్లలో షిందే సింధియా అయింది. ఇంగ్లీషువాళ్లు Scindia అని రాసుకోవడంలో మధ్యన c అని ఇంకో అక్షరం దూర్చారు. బస్సులో మనవాళ్లని "స్కిండియా" అనిపించింది ఆ అక్షరమే. తమాషా ఏమిటంటే, ఆ వంశంలో అందరికంటే గట్టివాడు, 1761 పానిపట్టు యుద్ధంలో కాలు పోగొట్టుకునేంత దెబ్బ తిని కూడా తర్వాత ఢిల్లీని శాసించిన మహాద్‌జీ సమాధి పూనా వానవడిలో ఉంది. దాన్ని అక్కడివాళ్లు ఈనాటికీ "షిందే ఛత్రి" అనే అంటారు. ఒకే మనిషి, పూనాలో షిందే, గ్వాలియర్లో సింధియా.

ఆ ఇంటిపేరు సముద్రమెక్కింది ఒక ఓడవల్ల. "ఎంప్రెస్ ఆఫ్ ఇండియా" అని, 1891 నాటి కెనడా కంపెనీ ప్రయాణికుల ఓడ. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక గ్వాలియర్ మహారాజు మాధవరావు సింధియా దాన్ని కొని, గాయపడ్డ మన సిపాయిల కోసం ఆస్పత్రి ఓడగా మార్పించి, "లాయల్టీ" అని పేరు పెట్టారు. యుద్ధం అయిపోయాక వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తమ్ మొరార్జీ వంటి వ్యాపారులు ఆ ఓడని కొని 1919లో కంపెనీ పెట్టారు. ఓడ ఎవరిదో ఆయన పేరే కంపెనీకి పెట్టారు: సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ. 1919 ఏప్రిల్ 5న లాయల్టీ బొంబాయి నుంచి లండన్‌కి బయల్దేరింది. ఏటా ఏప్రిల్ 5న జాతీయ నౌకాయాన దినోత్సవం చేసేది అందుకే. ఆ పాత ఓడ ఎక్కువకాలం నిలవలేదు. 1923లో దాన్ని తుక్కుకి విరిచేశారు. కంపెనీ మాత్రం తెల్లవాళ్ల ఓడల కంపెనీలు రేట్లు తగ్గించి ఎంత నొక్కినా నిలబడింది.

విశాఖకి ఆ పేరు యార్డుకంటే ముందే వచ్చింది. 1933 అక్టోబరు 7న మన రేవులోకి వచ్చిన మొట్టమొదటి ఓడ "జలదుర్గ" ఆ కంపెనీదే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ షిప్‌యార్డుకి శంకుస్థాపన చేశారు. మరుసటేడు ఏప్రిల్లో జపాను విమానాలు ఊరిమీద బాంబులు వేశాయి, పని కుంటుపడింది. మొదటి ఓడ "జల ఉష" నీళ్లలోకి దిగింది 1948 మార్చి 14న, నెహ్రూ చేతుల మీదుగా. ఎనిమిది వేల టన్నుల ఓడ. 1952లో ప్రభుత్వం మూడింట రెండు వంతులు తీసుకుని హిందుస్థాన్ షిప్‌యార్డు అని పేరు మార్చింది, 1961లో మిగతా వంతూ తీసేసుకుంది. అంటే యార్డుకి సింధియా పేరు ఉన్నది దాదాపు పదకొండేళ్లు. మేం చేరేనాటికి గేటుమీద ఆ పేరు లేదు, జీతం చీటీమీద లేదు. బయట బస్టాపులో మాత్రం ఉంది.

* * *

గేటు దగ్గర ఇత్తడి బిళ్లలుండేవి. లోపలికెళ్లేటప్పుడు బోర్డు మీది మేకునుంచి మన నంబరు బిళ్ల తీసుకోవాలి, మన వర్క్‌షాపులో ఇంకో బోర్డుకి తగిలించాలి. సైరన్ అయ్యాక టైమ్ కీపరు బోర్డు మూసేస్తే, చేతిలో బిళ్ల మిగిలినవాడికి పూట జీతం పోయినట్టే. పొద్దున్న సైరన్‌కి ముందు గాంధీగ్రామ్ వైపు నుంచీ మల్కాపురం వైపు నుంచీ వచ్చే సైకిళ్ల గంటలు ఒక చప్పుడుగా కలిసిపోయేవి.

ఆ బిళ్లలు లేకపోతే పని నడిచేది కాదు. ఖలాసీల్లో చాలామంది జాలరిపేటలవాళ్లు. మైలపిల్లి, వాసుపల్లి, సూరాడ అంటూ పిలిస్తే ఒక్కో ఇంటిపేరుకి పదిమంది "వచ్చినాం బాబూ" అంటూ ముందుకొచ్చేవారు. వాళ్లలో సగంమంది పేర్లు కూడా ఒకటే, అప్పలరాజో ఎల్లాజీయో. జీతాలరోజు గుమస్తా పేరు చదివేవాడు కాదు, నంబరే చదివేవాడు. ఒకసారి ఒకరి ఓవర్‌టైమ్ ఇంకొకరి ఖాతాలో పడితే, తేల్చింది కూడా ఆ బిళ్లే.

"అదేటి బాబాయ్, మీరంతా చుట్టాలేనా?" అని కొత్త కుర్రాడు అడిగితే ఓ ముసలి ఖలాసీ, "ఇంటిపేరు ఒకటైతే పిల్లనివ్వం. అదొక్కటే లెక్క. మిగతా చుట్టరికం సారా కొట్టుకాడ తేల్చుకుంటాం" అన్నాడు.

షిందేలకీ ఇదే వర్తిస్తుంది. మరాఠీ దేశంలో ఆ ఇంటిపేరు మన దగ్గర పిల్లా, గంటా ఎంత మామూలో అంత మామూలు. 2004 చివర్లో మన రాష్ట్రానికి గవర్నరుగా వచ్చిన సుశీల్‌కుమార్ షిందే షోలాపూర్ మనిషి, గ్వాలియర్ కోటతో సంబంధం లేదు. 2022లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి అయిన ఏక్‌నాథ్ షిందే మూలాలు ఆ సతారా జిల్లాలోనే ఉన్నా రాజవంశం కాదు.

* * *

మేం చేరేనాటికి వెల్డింగు వచ్చేసింది. కానీ రివెట్ల కాలం మనుషులు ఇంకా ఉన్నారు, రిపేరు పనులకి వాళ్లే దిక్కు. ఒక్కో గ్యాంగుకి నలుగురు. కొలిమి దగ్గర ఒకడు రివెట్టు కాల్చి పట్టకారుతో విసిరేవాడు. పైనున్నవాడు రేకుడబ్బాతో దాన్ని గాల్లోనే పట్టి కన్నంలో దూర్చేవాడు. వెనకవైపు ఒకడు దిమ్మ ఆనించి కాచుకునేవాడు. నాలుగోవాడు ముందునుంచి కొట్టి తల కట్టేవాడు. రివెట్టు పండిన మిరపకాయ రంగు దాటి మెరుస్తుండగా రావాలి. నల్లబడ్డాక కొడితే కన్నం పూర్తిగా నిండదు, నీరు కారుతుంది. చిటపటలాడుతూ నిప్పురవ్వలు రాల్చిందంటే ఇనుము మాడిందన్నమాట, పారెయ్యాల్సిందే. పారేసిన రివెట్లు లెక్కలోకి వస్తాయని మాడినవాటినే గుట్టుగా కొట్టేసే గ్యాంగులు కూడా ఉండేవి. ఇన్‌స్పెక్టరు వాటిని చెవితోనే పట్టుకునేవాడు. ఒకవైపు వేలు ఆనించి, రెండోవైపు చిన్న సుత్తితో తట్టేవాడు. బిగువుగా ఉంటే కంచులా పలుకుతుంది. వదులైతే వేలికింద జివ్వుమంటుంది, చప్పుడు బొంగురుపోతుంది. సుద్దముక్కతో చుట్టూ సున్నా చుట్టి కదిలిపోయేవాడు. ఆ సున్నాలు ఎన్ని ఉన్నాయో సాయంత్రం గ్యాంగు మేస్త్రి మొహం చూస్తే తెలిసిపోయేది.

ఆ నలుగురికీ ముసలితనంలో ఒకటే జబ్బు, చెవుడు. టీ కొట్టు దగ్గర వాళ్ల మాటలు రోడ్డు అవతలికి వినపడేవి.

* * *

ఓడని నీళ్లలోకి దింపే రోజు గురించి ఎంత చెప్పినా తక్కువే. చూసేవాళ్లకి అది కొబ్బరికాయా, బాజాలూ, నిమిషంలో అయిపోయే వేడుక. లోపలివాళ్లకి వారం పది రోజుల బెంగ.

ఓడ కట్టినన్నాళ్లూ బరువంతా కీలు (ఓడ అడుగున వెన్నెముకలాంటి దూలం) కింద పేర్చిన దిమ్మలమీద ఉంటుంది. దింపాలంటే ఆ బరువుని అక్కణ్ణించి తీసి జారుడు దుంగల మీదికి మార్చాలి. కింద నేలకి బిగించిన దుంగలు ఒక వరస, అవి నీళ్లవైపు ఇరవై అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు. వాటిమీద ఓడతోపాటు జారే దుంగలు ఇంకో వరస. రెంటి మధ్యా కొవ్వు. కింద గట్టి పూత, అది బరువుకి నలిగిపోకూడదు. దానిమీద మెత్తటి సబ్బు, గ్రీజు, అది కదలిక ఇవ్వాలి. విశాఖ ఎండలో ఇక్కడే చిక్కు. చలిదేశాల లెక్కప్రకారం కలిపితే మధ్యాహ్నానికి గట్టి పూత కూడా మెత్తబడి పక్కలకి కారుతుంది. అప్పుడు కర్రమీద కర్ర ఆనుతుంది. ఆనిందంటే ఓడ కదలనన్నా కదలదు, సగంలో ఆగనన్నా ఆగుతుంది. సగంలో ఆగిన ఓడంత దిక్కుమాలిన సరుకు ఇంకోటి లేదు, వెనక్కి లాగలేం, ముందుకి తొయ్యలేం. అందుకే కరగబెట్టడం, పూయడం తెల్లవారుజామున చేసేవారు. పై దుంగలు పెట్టేటప్పుడు మధ్యలో సన్నటి ఇనపపట్టీలు ఉంచి, కొవ్వు నలక్కుండా చూసి, చివర్లో ఒక్కొక్కటీ లాగేసేవారు. లాగిన పట్టీలు లెక్కపెట్టడానికి ఒక మనిషి ప్రత్యేకం. ఒక్కటి లోపల మిగిలినా అది కొవ్వుని దున్నుకుంటూ పోతుంది.

తర్వాత ఓడకీ జారుడు దుంగలకీ మధ్య చెక్క చీలలు బిగించడం. ఓడ పొడుగునా రెండు పక్కలా మనుషులు బారులు తీరి, పొడవాటి దుంగల్ని ఊపి చీలల్ని కొట్టేవారు. అందరూ ఒకే దెబ్బ కొట్టాలి. ఒకడు పాట ఎత్తుకునేవాడు, మిగతావాళ్లు "ఐలేసా" అన్నచోట దెబ్బ. బరువు ఎక్కుతున్నకొద్దీ ఓడ మూలిగేది, పాత తలుపు తీసినట్టు. ఆ మూలుగు ఏ పక్కనుంచి వస్తోందో విని, మేస్త్రి ఆ పక్క చీలలు ఇంకో రెండు దెబ్బలు వేయించేవాడు. ఆ పైన కీలు దిమ్మలు వెనకనుంచి ముందుకి వరసగా తీసేసేవారు. చివరికి ఓడ ఒకటి రెండు అడ్డకట్టలమీద ఆగి ఉంటుంది.

ఇక పోటు కోసం చూడటం. మన దగ్గర పున్నమి అమావాస్యల్లో కూడా ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటరు అటూఇటూ, అంతే. ఓడ వెనకభాగం ముందు నీళ్లలోకి పోతుంది. దుంగలు అయిపోయేచోట నీళ్లు దాన్ని ఎత్తకపోతే వెనక్కి తూలి, ముందుభాగం పైకి లేస్తుంది. ఎత్తితే బరువంతా ఒక్కసారి ముందుకాళ్ల మీద పడుతుంది. ఆ నాలుగైదు క్షణాల కోసం ముక్కుకింద పెద్ద కట్టెలతో ఊయల కట్టేవారు. అవతలి ఒడ్డు దగ్గరే, కాలువ ఇరుకు. అందుకని ఇనప గొలుసుల గుట్టలు తాళ్లతో ఓడకి కట్టేవారు. ఓడ జారుతూ వాటిని ఒక్కొక్క గుట్టగా ఈడ్చుకుపోయి నెమ్మదించేది. అడ్డకట్ట కొట్టాక మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత దుంగల మధ్యనుంచి పొగ, కమురు వాసన. ఆ తర్వాత గొలుసుల మోత. ధూళి కమ్మేసి, తేలిపోయాక చూస్తే, ఇన్నాళ్లూ ఆకాశాన్ని అడ్డుకున్నచోట ఎదరగా యారాడకొండ కనిపించేది. రెండు రోజులదాకా ఆ ఖాళీకి కళ్లు అలవాటుపడేవి కావు.

దుంగల మధ్య మిగిలిన కొవ్వు కోసం మర్నాడు జాలరిపేట పిల్లలు డబ్బాలతో కంచె దగ్గర చేరేవారు. తెప్పలు ఒడ్డుకి లాగే కర్రలకి పూయడానికట.

* * *

కాశీ వెళ్లొచ్చిన ఖలాసీ ఒకడు చెంబుడు గంగాజలంతోపాటు ఒక వార్త తెచ్చాడు. "అక్కడా మన సింద్యా ఉన్నాది బాబూ, రేవు పేరే సింద్యా. గుడి ఒకటి పక్కకి ఒరిగిపోయి సగం నీటిలో ఉన్నాది." నిజమే. మణికర్ణిక పక్కనే సింధియా ఘాట్, 1830 ప్రాంతంలో బైజాబాయి సింధియా కట్టించింది. రాతికట్టడం బరువుకి ఒడ్డు కుంగి ఘాట్ నదిలోకి జారింది. మాకు ఆ మాట వినగానే అర్థమైంది: మెత్తటి ఒడ్డు, పైన మోయలేని బరువు, కిందనుంచి కోసేసే నీరు. "మన చీలలోళ్లని పంపాల్సింది" అన్నాడు మేస్త్రి.

బొంబాయి పనిమీద వెళ్లినవాళ్లు బల్లార్డ్ ఎస్టేట్‌లో సింధియా హౌస్ చూసొచ్చేవారు, కంపెనీ హెడ్డాఫీసు అదే. ఢిల్లీ వెళ్లినవాళ్లకి కన్నాట్ ప్లేస్ దగ్గర ఇంకో సింధియా హౌస్, అక్కడా బస్సులు ఆగుతాయి. గ్వాలియర్ కోటమీద సింధియా స్కూలు, 1897లో పెట్టింది. ఒక గుమస్తా అయితే ఈ పేరున్న చోట్లన్నీ చీటీమీద రాసి టేబులు అద్దంకింద పెట్టుకున్నాడు. బొంబాయి కంపెనీ ఓడలు ఒక్కొక్కటీ పోయాక దానిమీద గీత కొట్టాడు.

మాధవరావు సింధియా రైల్వే చూసుకునే మంత్రి అయినప్పుడు టీ కొట్టులో "మన సింద్యా ఆయనే, పేరు ఆయనదే" అని ఒకడు ఢంకా బజాయించాడు. ఓడ కొన్న మహారాజుకి ఈయన మనవడని సరిదిద్దేసరికి, "మనవడైతే మాత్రం, పేరు మారిందేటి?" అని ఎదురడిగాడు. 2001 సెప్టెంబరు 30న ఆయన విమాన ప్రమాదంలో పోయారు. ఆ సాయంత్రం రేడియోలో "సింధియా మృతి" అని వినగానే, మల్కాపురంలో ఒకావిడ యార్డులో ఏదో ప్రమాదం జరిగిందనుకుని కొడుకు కోసం గేటుదాకా పరిగెత్తుకొచ్చింది. ఆవిడకి సింధియా అంటే అదే మరి. ఒకప్పుడు విమానయాన శాఖ కూడా చూసిన తండ్రిలాగే ఆయన కొడుకు జ్యోతిరాదిత్య కూడా విమానయాన మంత్రి అయ్యారు, 2021లో. 2024లో ఆయన తర్వాత ఆ శాఖ మన శ్రీకాకుళం కింజరాపువారికి వచ్చింది.

* * *

ఇప్పుడు లాంచింగుకి కొవ్వు వాసన తప్పనిసరి కాదు. డాక్‌లోనే కట్టి, నీళ్లు వదిలి తేల్చే పద్ధతీ వచ్చింది. చీలలవాళ్లు లేరు. రేకుల్ని ఎండలో పేర్చే పనీ పోయింది, ఇసకలాంటి ఉక్కురవ్వ కొట్టి నిమిషాల్లో పెంకు ఊడ్చేస్తారు. రెడ్ లెడ్ బదులు రెండు డబ్బాలు కలిపి వేసే ఎపాక్సీ. పక్కనున్న కాల్టెక్స్ రిఫైనరీ, 1957 నాటిది, హెచ్‌పీసీఎల్ అయింది. శ్రీహరిపురంలో ఎరువుల కంపెనీ కోరమండల్ గేటు మాత్రం కోరమండల్ గేటే.

గేటుకి రంగేస్తున్న కుర్రాడు మొదటి పూత అయ్యీకాకుండానే రెండోది ఎత్తుకున్నాడు, అదీ మందంగా.

"ఒరే బాబూ, ఆగు. పైన తోలు కడుతుంది, లోపల పచ్చిగానే ఉంటుంది. వారం తర్వాత ముడతలు పడిపోద్ది."

"ఎండ దంచేస్తంది కద తాతా, సాయంత్రానికి ఆరిపోద్ది."

"ఎండకే ముడత. పలచగా లాగి, రేపటిదాకా ముట్టుకోకు. గోరుతో నొక్కితే గాటు పడకూడదు, అప్పుడు రెండోది."

వాడు కుంచె గిన్నె అంచుకి రాసి, మందంగా ఉన్నచోట్ల వెనక్కి లాగడం మొదలెట్టాడు. వెనకాల బస్సొచ్చి ఆగింది. ఇప్పుడు కండక్టరు అలా అరవడు. దిగిన ముసలామె ఒకర్తె మాత్రం లోపలున్న మనవరాలిని పిలుస్తోంది: "దిగే, సింద్యా ఒచ్చేసినాది."